గోల్ఫ్‌లో కెమెరా పట్టేది తప్పునే, మోసాన్ని కాదు

2024 ఆగస్టు చివర్లో అట్లాంటాలోని ఈస్ట్ లేక్ కోర్సులో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండు ఆడుతూ, అమెరికా ఆటగాడు సాహిత్ తీగల మూడో హోల్‌లో ఫెయిర్‌వే బంకర్ (దారిలోని ఇసుక గుంట) నుంచి ఒక షాట్ కొట్టాడు. క్లబ్‌ను వెనక్కి లాగేటప్పుడు అది ఇసుకను తాకిందని అనుమానం వచ్చి, ఆ మాట తానే బయటపెట్టాడు. కదిలింది చిటికెడు ఇసుక కూడా కాదు. అయినా బంకర్‌లో బ్యాక్‌స్వింగ్ ఇసుకను తాకితే రెండు స్ట్రోకుల పెనాల్టీ. అవి అతని స్కోరుకు కలిశాయి; గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకులు (దెబ్బలు) కొట్టినవాడిదే గెలుపు. చివరికి సాహిత్ మూడో స్థానంలో నిలిచాడు, రెండో స్థానంలో ఉన్న కాలిన్ మోరికావాకు సరిగ్గా రెండు స్ట్రోకుల దూరంలో. రెండో స్థానానికి కోటీ 25 లక్షల డాలర్లు, మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు. ఇద్దరూ సమానంగా ముగించి ఉంటే చెరో కోటి డాలర్లు దక్కేవి. ఆ రెండు స్ట్రోకులు లేకపోతే మిగతా ఆటంతా అలాగే సాగేదని ఎవరూ చెప్పలేరు కానీ, కాగితం మీద లెక్క వేస్తే ఆ చిటికెడు ఇసుక ఖరీదు 25 లక్షల డాలర్లు.

ఇంటిపేరు చూసి మనవాళ్లు చాలామంది ఆ రోజు గర్వపడ్డారు, నేనూ పడ్డాను. అయితే ఆ సంఘటనలో నన్ను ఇప్పటికీ ఆలోచనలో పెట్టేది డబ్బు మొత్తం కాదు. ఆ టోర్నీలో ప్రతి హోల్ చుట్టూ కెమెరాలున్నాయి, ప్రతి షాట్‌నూ లేజర్లతో కొలిచే ఏర్పాటు ఉంది, టీవీ ప్రసారాన్ని గమనించడానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉన్నాడు. ఇంత సరంజామా ఉన్నా పెనాల్టీకి మూలం ఆటగాడి చేతికి తెలిసిన స్పర్శ, అతను నోరు విప్పి చెప్పిన మాట. గోల్ఫ్‌లో సాంకేతికత పెరిగిన కొద్దీ నిజాయితీ పెరుగుతుందని కొందరు, తరుగుతుందని కొందరు వాదిస్తూ ఉంటారు. రెండు వాదాలూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయని నా అభిప్రాయం. నియమం తప్పడం ఒకటి, మోసం చేయడం ఇంకొకటి. కెమెరా మొదటిదాన్ని వెంట్రుకవాసి వరకు కొలవగలదు. రెండోది ఆటగాడికి ఏం తెలుసు, ఎప్పుడు తెలుసు, తెలిసి ఏం చేశాడు అన్న ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది గనుక, దాన్ని చూపించే కెమెరా ఇంకా పుట్టలేదు.

గోల్ఫ్ నియమావళిలో మొదటి నియమమే ఈ సంగతి చెబుతుంది. ఆటగాడు నియమాలు పాటించాలని, పెనాల్టీలన్నీ తనకు తానే వేసుకోవాలని, ఆటలోని ప్రతి విషయంలోనూ నిజాయితీగా ఉండాలని అందులో రాసి ఉంది. క్రికెట్‌లో బ్యాట్ అంచుకు బంతి తగిలిందని బ్యాటర్‌కు తెలిసినా, అంపైర్ వేలు ఎత్తేదాకా క్రీజులో నిలబడటాన్ని ఎవరూ నేరంగా చూడరు. ఫుట్‌బాల్‌లోనూ అంతే, రెఫరీ ఈల వేయకపోతే ఫౌల్ లేనట్టే. ఆ ఆటల్లో నియమాల అమలు మరొకరి ఉద్యోగం. గోల్ఫ్‌లో ఆటగాళ్లు ఎకరాల కొద్దీ స్థలంలో చెల్లాచెదురుగా, ఎవరి బంతి వెంట వారు పోతూ ఉంటారు. ప్రతి బంతి వెనకా ఒక అంపైర్‌ను పంపడం కుదరదు గనుకే ఈ ఏర్పాటు పుట్టింది. దీన్ని గోల్ఫ్ ఆడేవాళ్ల గొప్ప సంస్కారానికి నిదర్శనంగా చెప్పుకోవడం మా వాళ్లలో ఎక్కువ. అవసరం నేర్పిన పద్ధతికి అంత బిరుదు అక్కర్లేదు.

ఈ విషయంలో అందరూ తలచుకునే పేరు పాత తరం అమెరికా ఆటగాడు బాబీ జోన్స్. 1925 యూఎస్ ఓపెన్‌లో, రఫ్‌లో (ఎత్తుగా పెరిగిన గడ్డిలో) ఉన్న బంతిని కొట్టబోతుండగా అది కదిలిందని ఆయన తనకు తాను ఒక స్ట్రోక్ పెనాల్టీ వేసుకున్నాడు. చుట్టూ ఉన్నవారెవరూ అది కదలడం చూడలేదు. అధికారులు నిర్ణయాన్ని ఆయనకే వదిలేశారు. టోర్నీ చివర ఆయన, విల్లీ మాక్‌ఫార్లేన్ సమానంగా నిలిచారు, ప్లేఆఫ్‌లో జోన్స్ ఓడిపోయాడు. ఎవరో మెచ్చుకోబోతే, బ్యాంకును దోచుకోనందుకు మనిషిని పొగుడుతారా అన్నట్టు జవాబిచ్చాడని ప్రతీతి. ఈ కథను వినయానికి ఉదాహరణగా చెబుతారు గానీ, ఇందులో నాకు కనిపించేది వేరే. ఆ రోజు అక్కడ హై డెఫినిషన్ కెమెరా ఉండి, బంతి ఊగింది గానీ స్థానం మారలేదని తేల్చి ఉంటే జోన్స్ యూఎస్ ఓపెన్ గెలిచి ఉండేవాడేమో. అప్పుడు కూడా ఆయన నిజాయితీలో వీసమెత్తు తేడా వచ్చేది కాదు. ఆయన తాను చూసినదాన్ని చెప్పాడు, అంతవరకే ఆయన బాధ్యత.

టీవీ వచ్చాక ఈ బాధ్యత హద్దులు చెదిరిపోయాయి. 1987లో కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్ కోర్సులో ఒక చెట్టు కొమ్మల కింద చిక్కిన బంతిని కొట్టడానికి క్రెయిగ్ స్టాడ్లర్ మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. నేల బురదగా ఉంది, ప్యాంటు పాడవుతుందని తువ్వాలు పరుచుకున్నాడు. మర్నాడు టీవీలో ఆ దృశ్యాన్ని మళ్లీ వేస్తే, అది నిలబడే చోటును తనకు అనుకూలంగా కట్టుకోవడం కిందికి వస్తుందని ప్రేక్షకులు ఫోన్లు చేశారు. ముందు రోజు ఆ పెనాల్టీ కలపకుండా స్కోర్‌కార్డు మీద సంతకం చేశాడు కాబట్టి అతన్ని టోర్నీ నుంచే తొలగించారు. తువ్వాలు పరుచుకుని మోసం చేద్దామనుకునేవాడు టీవీ కెమెరా ముందు పరుచుకుంటాడా? (కొన్నేళ్ల తర్వాత, 1995లో, ఆ చెట్టు తెగులు పట్టి ఎండిపోతుంటే కోర్సు వాళ్లు స్టాడ్లర్‌నే పిలిచి రంపంతో నరకమన్నారు. అతనికి దక్కిన న్యాయం అదొక్కటే.)

2011లో అబూధాబీలో పాడ్రిగ్ హారింగ్టన్ గతీ దాదాపు ఇదే. గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నని గడ్డి) మీద బంతిని తిరిగి పెట్టి, గుర్తుగా ఉంచిన నాణేన్ని తీస్తున్నప్పుడు వేలు బంతికి తగిలింది. ఊగింది గానీ యథాస్థానంలోనే ఆగిందని అతను అనుకున్నాడు. నిదానపు రీప్లేలో చూస్తే అది కొద్దిగా, చాలా కొద్దిగా, ముందుకు జరిగింది. ఒక ప్రేక్షకుడు ఈమెయిల్ పంపాడు, తొలి రౌండులో 65 కొట్టిన మనిషి పోటీ నుంచి బయటికి వెళ్లాడు. నియమాలు రాసే రెండు సంస్థలు, ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ, అదే ఏడాది ఏప్రిల్‌లో కాస్త దిగివచ్చాయి. ఆటగాడికి తెలిసే అవకాశమే లేని సంగతి వీడియోలో బయటపడితే పెనాల్టీ ఉంటుంది గానీ, బహిష్కరణను మినహాయించవచ్చన్నాయి. అది సగం మందు మాత్రమే అని తెలియడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

2017 ఏప్రిల్, కాలిఫోర్నియాలోని మిషన్ హిల్స్, మహిళల మేజర్ టోర్నీ ఏఎన్‌ఏ ఇన్‌స్పిరేషన్. ఆదివారం చివరి రౌండులో లెక్సీ థాంప్సన్ ఆధిక్యంలో ఉంది. పన్నెండో హోల్ ముగించుకుని పదమూడో హోల్‌కు నడుస్తుండగా ఒక అధికారి ఆమె దగ్గరికొచ్చి, నాలుగు స్ట్రోకుల పెనాల్టీ పడిందని చెప్పింది. ఆ రోజు ఆడిన ఆటకు కాదు, నిన్నటి ఆటకు. శనివారం పదిహేడో గ్రీన్ మీద, హోల్‌కు అడుగు దూరంలో ఉన్న బంతి వెనక ఆమె నాణెం పెట్టి, బంతిని ఎత్తి, మళ్లీ పెట్టింది. పెట్టినప్పుడు ముందున్న చోటికి కాస్త పక్కగా పెట్టింది. ఒక ప్రేక్షకుడు అది గమనించి ఆదివారం ఈమెయిల్ పంపాడు. తప్పుడు చోటు నుంచి ఆడినందుకు రెండు స్ట్రోకులు, ఆ పెనాల్టీ కలపకుండా శనివారం కార్డు మీద సంతకం చేసినందుకు ఇంకో రెండు. ఆమె ఏడ్చింది, పదమూడో హోల్‌లో బర్డీ (నిర్ణీత లెక్కకు ఒక స్ట్రోక్ తక్కువ) చేసింది, పద్దెనిమిదో హోల్‌లో మరో బర్డీతో ప్లేఆఫ్‌కు చేరింది, అక్కడ దక్షిణ కొరియాకు చెందిన ర్యూ సో యాన్ చేతిలో ఓడిపోయింది.

లెక్సీది తప్పే. వీడియో చూస్తే బంతి పాత చోటులో లేదని ఎవరికైనా తెలుస్తుంది, వెనకేసుకురావలసిన అవసరం లేదు. మొదటి రెండు స్ట్రోకులూ న్యాయమే. నా అభ్యంతరం తర్వాతి రెండింటి మీద. ఒక మనిషి తనకు తెలియని తప్పును దాచాడని శిక్షించడం తర్కానికే నిలవదు. తెలియనిదాన్ని ఎవరూ దాచలేరు. అధికారులు ఆమెను మోసగత్తె అనలేదు, కానీ స్కోర్‌కార్డు పెనాల్టీ అనేది పుట్టిందే స్కోరు తగ్గించి రాసేవాళ్ల కోసం. అబద్ధానికి వేసే శిక్షను అజాగ్రత్తకు వేశారు.

మరో అన్యాయం కూడా ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. కెమెరా అందరినీ ఒకేలా చూడదు. ఆధిక్యంలో ఉన్నవాళ్ల ప్రతి కదలికనూ ప్రసారం చేస్తారు, నలభయ్యో స్థానంలో ఉన్నవాళ్లు నాణెం ఎక్కడ పెట్టారో చూసేవాడు ఉండడు. ఒకే పోటీలో ఒకే నియమం కొందరికి భూతద్దంతోనూ మిగతావారికి మామూలు కంటితోనూ అమలవుతుంటే, అది అందరికీ సమానమైన పోటీ అని ఎలా అంటాం? 2016 యూఎస్ మహిళల ఓపెన్ ప్లేఆఫ్‌లో అన్నా నార్డ్‌క్విస్ట్ క్లబ్ బంకర్‌లో రెండు మూడు రేణువులను కదిపిందని టీవీ వారి జూమ్ దృశ్యం చూపింది. ఆ సంగతి అధికారులు ఆమెకు చెప్పింది చివరి హోల్‌లో ఆమె మూడో షాట్ కొట్టేశాక. ప్రత్యర్థి బ్రిటనీ లాంగ్‌కు మాత్రం తన మూడో షాట్ కొట్టకముందే తెలిసింది, దాన్నిబట్టి జాగ్రత్తగా ఆడుకునే వీలు దొరికింది. అదే ఏడాది నెల ముందు పురుషుల యూఎస్ ఓపెన్‌లో, ఐదో గ్రీన్ మీద బంతి కదిలినందుకు పెనాల్టీ పడవచ్చు, పడకపోవచ్చు అని డస్టిన్ జాన్సన్‌కు పన్నెండో హోల్ దగ్గర చెప్పి, మిగిలిన ఆటంతా తన స్కోరెంతో తనకే తెలియకుండా ఆడించారు. పెనాల్టీ కలిపినా అతను మూడు స్ట్రోకుల తేడాతో గెలిచాడు కాబట్టి గొడవ సద్దుమణిగింది. యంత్రం సమాచారం ఇస్తుంది, ఏ క్షణాన ఎవరికి ఇస్తుందనేది యంత్రానికి పట్టదు.

2017 ఏప్రిల్ చివర్లో నియమ సంస్థలు అసలు మందు రాశాయి. బంతిని తిరిగి పెట్టే చోటును అంచనా వేయడంలో ఆటగాడు పరిస్థితిని బట్టి చేయగలిగినంత జాగ్రత్త తీసుకుంటే, తర్వాత వీడియో తేడా చూపినా ఆ అంచనానే ఒప్పుకుంటారు. మామూలు కంటికి కనిపించే అవకాశం లేనిది కెమెరాకు కనిపించినా లెక్కలోకి రాదు. 2018 జనవరి 1 నుంచి ప్రేక్షకుల ఫోన్లు, ఈమెయిళ్లు తీసుకోవడం మానేశారు, తెలియని పెనాల్టీకి కార్డు మీద అదనపు శిక్ష కూడా ఎత్తేశారు. సాంకేతికతకు నియమాలు ఎదురు తిరిగి, నువ్వు చూడగలిగినదంతా మాకు అక్కర్లేదు అని చెప్పిన సందర్భం ఆటల ప్రపంచంలో అరుదు. మిగతా ఆటలు మిల్లీమీటర్ల కొలతల కోసం పరుగెత్తుతున్న రోజుల్లోనే గోల్ఫ్ మనిషి కంటిని ప్రమాణంగా తీసుకుంది. ఈ ఆట చేసిన తెలివైన పనుల్లో దీన్ని నేను ముందు వరసలో పెడతాను.

దీనికి ఎదురువాదం ఉంది, అది బలమైనదే. కెమెరా లేకపోతే ప్యాట్రిక్ రీడ్ సంగతి బయటపడేదా? 2019 డిసెంబరులో బహామాస్‌లో జరిగిన హీరో వరల్డ్ ఛాలెంజ్‌లో, ఇసుక మేటలో ఉన్న బంతి వెనక అతను రెండుసార్లు క్లబ్ ఆనించి లాగితే ఇసుక పక్కకు తొలగడం టీవీలో స్పష్టంగా కనిపించింది. కెమెరా కోణం వల్ల అలా అనిపిస్తోందని, క్లబ్ బంతికి దూరంగానే ఉందని అతను వాదించాడు. రెండు స్ట్రోకులు పడ్డాయి. ఉద్దేశంతో నిమిత్తం లేకుండా, బంతి వెనక ఇసుక తొలగి పరిస్థితి మెరుగైంది గనుక పెనాల్టీ వేశారు. నిజమే, అక్కడ కెమెరా లేకపోతే ఏ పెనాల్టీ ఉండేది కాదు. కానీ గమనించండి, ఆ కెమెరా కూడా జరిగింది మోసమా కాదా అన్నది తేల్చలేదు. దాన్ని లోకం తేల్చుకుంది, దృశ్యం చూసిన మరుక్షణమే.

లోకం ఎలా తేలుస్తుందో చూడాలంటే 2021 జనవరిలో టోరీ పైన్స్‌కు మళ్లీ వెళ్లాలి. అక్కడ మూడో రౌండులో రీడ్ తన బంతి నేలలో దిగబడిందని చెప్పి, ఎత్తి చూసి, పెనాల్టీ లేకుండా పక్కన వదిలాడు. బంతి ఒకసారి ఎగిరి పడిందని, ఎగిరిన బంతి దిగబడే అవకాశం తక్కువని రీప్లే చూసినవాళ్లు మండిపడ్డారు. అధికారులు మాత్రం అతను పద్ధతి ప్రకారమే చేశాడన్నారు. అదే రోజు అదే కోర్సులో రోరీ మెకిల్‌రాయ్ కూడా ఇంచుమించు అలాగే చేశాడు. అతని మీద ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత మెకిల్‌రాయ్ బంతిని పొరపాటున తొక్కింది తానేనని ఒక వాలంటీర్ ఒప్పుకున్నాడు. రీడ్‌కు అలాంటి వాలంటీర్ దొరకలేదు. ఇద్దరి చర్యనూ కెమెరా ఒకే తీరుగా చూపింది, తేడా అంతా చూసేవాళ్ల మనసులో ముందే ఉన్న ఖాతాల్లో ఉంది. రీడ్ ఆ ఖాతాను తానే పాడుచేసుకున్నాడనేవారితో నేను వాదించను. కానీ అప్పుడు తీర్పు చెబుతున్నది వీడియో అని మాత్రం అనకండి.

ఈ కథలో నన్ను బాగా కలవరపెట్టినది 2025 జులైలో ఉత్తర ఐర్లాండ్‌లోని పోర్ట్‌రష్‌లో షేన్ లౌరీకి జరిగినది. ది ఓపెన్ రెండో రౌండు పన్నెండో హోల్‌లో అతను ప్రాక్టీస్ స్వింగ్ చేస్తుండగా గడ్డిలో బంతి రవ్వంత కదిలిందని వీడియో చూపింది. బంతి కదలడం తాను చూడలేదన్నాడు లౌరీ. రెండు స్ట్రోకుల పెనాల్టీని మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో చెప్పిన మాటల సారం ఏమిటంటే, వాదిస్తే జనం తనను వదలరని, ఆ మచ్చ తన మీద పడటం తనకు ఇష్టం లేదని. జోన్స్ తాను చూసినదానికి పెనాల్టీ వేసుకున్నాడు. లౌరీ తాను చూడనిదానికి, చూశానని నలుగురూ అనుకుంటారన్న భయంతో తలవంచాడు. బయటికి రెండూ ఒకే రకం మర్యాదలా కనిపిస్తాయి. రెండో దాన్ని నిజాయితీ అనడానికి నాకు నోరు రావడం లేదు. అది పరువు కోసం చెల్లించిన సుంకం. అందులో లౌరీ తప్పు లేదు, అతన్ని ఆ స్థితికి నెట్టిన చూపుల తప్పు ఉంది.

ఇదంతా టీవీలో కనిపించేవాళ్ల గొడవ. ప్రపంచంలో గోల్ఫ్ ఆడేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఏ కెమెరా కంటా పడకుండానే జీవితమంతా ఆడేస్తారు. మోసం అసలు నివాసం అక్కడ. మీరు ఎప్పుడైనా నలుగురితో కలిసి ఆడితే గ్రీన్ మీద నాణేన్ని గమనించండి. బంతి వెనక నాణెం పెట్టేటప్పుడు దాన్ని బంతి కిందికంటా తోసి పెట్టేవాళ్లు ఉంటారు. తిరిగి బంతి పెట్టేటప్పుడు నాణేనికి వేలెడు ముందు పెడతారు. ఒకసారికి వచ్చే లాభం అంగుళమే, కానీ ఆ చేతి వాటం చూస్తే అది అలవాటని తెలిసిపోతుంది. రఫ్‌లో బంతి వెతుకుతూ, ఇప్పుడు మూడు నిమిషాలే గడువు కాబట్టి, రెండున్నర నిమిషాలు దాటాక ‘దొరికింది’ అని కేక వేసేవాళ్లుంటారు. ఆ బంతి విచిత్రంగా గడ్డి మీద తేలుతూ, గ్రీన్‌కు దారి తెరిచి ఉన్న చోటే దొరుకుతుంది. దగ్గరికి వెళ్లి, నీ బంతి మీద ఏ అంకె ఉందని అడిగే ధైర్యం నాకైతే ఎప్పుడూ లేదు. అడిగితే ఆట ఆగిపోతుంది, స్నేహం కూడా.

అంతకంటే లోతైనది హ్యాండిక్యాప్ మోసం. హ్యాండిక్యాప్ అంటే బలహీన ఆటగాడు సమానంగా పోటీపడేందుకు ఇచ్చే స్ట్రోకుల రాయితీ. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో ఆటగాడి చివరి ఇరవై స్కోర్లలో మేలైన ఎనిమిదింటి సగటు తీసుకుంటారు. స్కోర్లను చాలామంది యాప్‌లో తామే నమోదు చేస్తారు. పద్ధతి తెలివైనదే. ఒక స్కోరు మామూలు స్థాయి కంటే ఏడు స్ట్రోకులు మెరుగ్గా ఉంటే హ్యాండిక్యాప్ దానంతట అదే ఒకటి తగ్గుతుంది, పది మెరుగ్గా ఉంటే రెండు తగ్గుతుంది. ఏడాదిలో హ్యాండిక్యాప్ మరీ పెరగకుండా పరిమితి ఉంది. ఇవన్నీ హ్యాండిక్యాప్‌ను కావాలని పెంచుకుని, బహుమతి ఉన్న రోజు అసలు ఆట బయటపెట్టేవాళ్ల కోసం పెట్టిన వలలు. నేను ఆడిన చోట అలాంటి పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. రౌండు బాగా సాగుతున్న రోజున చివరి రెండు గ్రీన్ల మీద ఆయనకు హఠాత్తుగా చేతులు వణికేవి. రెండడుగుల పుట్ (బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్) పక్కకు పోయేది, నవ్వుతూ దాన్ని మళ్లీ తప్పేవాడు. యాప్‌లోకి ఎక్కే అంకె నిజమైన అంకె, ఆ హోల్‌లో ఆయన కొట్టిన స్ట్రోకులు నిజంగా అన్నే. ఏ గణితం దాన్ని అబద్ధమని పట్టుకోగలదు? ఒక్కోసారి మంచి స్కోరు వచ్చిన రౌండును ఆయన నమోదు చేయడమే మరిచిపోయేవాడు, అది వేరే సంగతి.

క్లబ్‌లో అందరికీ ఆయన సంగతి తెలుసు. మనతో కలిసి ఆడే ముగ్గురి చూపు చేసే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు. అందుకే యూఎస్‌జీఏ 2016లో, ఒంటరిగా ఆడిన రౌండ్ల స్కోర్లు హ్యాండిక్యాప్ లెక్కకు పనికిరావని నిర్ణయించింది. చాలామంది అప్పుడు విసుక్కున్నారు, మమ్మల్ని నమ్మరా అని. స్కోరును నమ్మడానికి మరో మనిషి సాక్ష్యం కావాలన్నది ఈ ఆట మొదటి నుంచీ చెబుతున్న మాటే. ఒకరి కార్డు మరొకరు రాసే ఆచారం అందుకే పుట్టింది.

సాంకేతికత మంచి పని చేసిన చోటు కూడా చెప్పాలి. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్లు 2019 నుంచి మామూలుగానే అనుమతిలో ఉన్నాయి, 2021 నుంచి పీజీఏ ఛాంపియన్‌షిప్‌లోనూ వాడుతున్నారు. అయితే ఎత్తుపల్లాలను లెక్కగట్టి, ఇంత దూరానికి ఆడు అని చెప్పే స్లోప్ లెక్కకు అనుమతి లేదు. అదే పరికరంలో రెండూ ఉంటాయి, వాడినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. కొన్ని పరికరాల్లో దీనికి పక్కన ఒక చిన్న మీట పెట్టారు. స్లోప్ ఆపేస్తే దాని రంగు బయటికి కనిపిస్తుంది, పక్కనున్నవాడు ఒక్క చూపులో గుర్తుపడతాడు. నాకు ఈ ఏర్పాటు చాలా నచ్చింది. ఇది ఆటగాడి మీద నిఘా పెట్టదు, తన నిజాయితీని ఎదుటివాడికి చూపుకునే వీలు కల్పిస్తుంది. 2010లో బ్రయన్ డేవిస్ విషయంలోనూ ఇలాగే జరిగింది. అమెరికా పీజీఏ టూర్‌లో అప్పటికి ఒక్క టైటిల్ కూడా గెలవని డేవిస్, హార్బర్ టౌన్‌లో జిమ్ ఫ్యూరిక్‌తో ప్లేఆఫ్ ఆడుతూ, క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఒక రెల్లు పుల్ల తగిలిందేమోనని అనుమానపడి, అధికారిని పిలిచి, టీవీలో చూసి చెప్పమన్నాడు. నిదానపు రీప్లేలో తగిలినట్టు తేలింది. రెండు స్ట్రోకుల పెనాల్టీతో టైటిల్ పోయింది. అక్కడ కెమెరాను పిలిచింది ఆటగాడే. లెక్సీ మీదికి వచ్చిన కెమెరాకూ డేవిస్ పిలిచిన కెమెరాకూ ఉన్న తేడా మీదనే నా వాదనంతా నిలబడి ఉంది.

క్లబ్బులు, బంతుల విషయంలో మోసమన్న మాటను మరీ చౌకగా వాడేస్తారు. 2010లో ఫిల్ మికెల్సన్ పాత పింగ్ ఐ2 వెడ్జ్ (బంతిని ఎత్తుగా లేపే క్లబ్) తీసుకొచ్చాడు. క్లబ్ ముఖం మీది గాడులకు పెట్టిన కొత్త నియమం ప్రకారం అది చెల్లకూడదు, కానీ 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైన ఆ క్లబ్బులకు పాత ఒప్పందం వల్ల మినహాయింపు ఉంది. స్కాట్ మెక్‌కారన్ దాన్ని మోసమన్నాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. నియమం అనుమతించినదాన్ని వాడటం తెలివితేటలు కావచ్చు, పెద్దరికం కాకపోవచ్చు, మోసం మాత్రం కాదు. డ్రైవర్ల (దూరపు తొలి షాట్లకు వాడే క్లబ్బుల) సంగతి ఇంకా విచిత్రం. వాడగా వాడగా డ్రైవర్ ముఖం పలచబడి, బంతిని మరింత బలంగా నెట్టడం మొదలవుతుంది. పరీక్షలో ఒక లోహపు గుండు ఆ ముఖాన్ని తాకి ఉండే కాలం 239 మైక్రోసెకన్లకు మించకూడదు, మరో 18 దాకా చూసీచూడనట్టు వదిలేస్తారు. 2019లో జాండర్ షాఫ్లీ డ్రైవర్, 2025 పీజీఏ ఛాంపియన్‌షిప్‌లో మెకిల్‌రాయ్, షెఫ్లర్‌ల డ్రైవర్లు ఈ పరీక్షలో తప్పాయి. ముగ్గురూ వేరే డ్రైవర్‌తో ఆడారు, షెఫ్లర్ ఆ టోర్నీ గెలిచాడు కూడా. కంటికి కనిపించని అరుగుదలను ఆటగాడు ఎలా కనిపెడతాడు? అక్కడ పరీక్ష యంత్రం చేయాల్సిన పని చేసింది. దాన్ని పట్టుకుని షాఫ్లీని మోసగాడని వెక్కిరించినవాళ్లే చేయకూడని పని చేశారు.

ఇదే మెక్‌కారన్ మీదికి కొన్నేళ్లకు అదే నింద తిరిగొచ్చింది. పొడవాటి పుటర్ (పుట్ కొట్టే క్లబ్) పిడిని ఛాతీకి ఆనించి కొట్టడం 2016 నుంచి నిషేధం. 2017లో అతనూ బెర్న్‌హార్డ్ లాంగరూ పిడిని చొక్కాకు ఆనిస్తున్నారని జనం వీడియోలు ఆపి ఆపి చూసి గగ్గోలు పెట్టారు. చొక్కా వదులుగా ఉంటే, పిడి గుడ్డను తాకుతోందా ఒంటిని తాకుతోందా అన్నది ఎంత దగ్గరి కెమెరాకూ తెలియదు. యూఎస్‌జీఏ జవాబు సూటిగా ఉంది. ఉద్దేశపూర్వకంగా ఆనించడమే నిషేధమని, వాళ్లిద్దరిలో ఆ ఉద్దేశం కనిపించలేదని చెప్పింది. మళ్లీ మాట మనిషి దగ్గరికే వచ్చింది.

కెమెరాలు ఇంతింతై పెరుగుతుంటే వచ్చే అసలు నష్టం, కొత్తగా ఆడేవాళ్లకు ‘దొరికితే దొంగ, దొరక్కపోతే దొర’ అన్న సామెతే ఆట నియమంగా అలవాటైపోవడం. ఎవరో చూస్తున్నారు, తప్పుంటే వాళ్లే చెబుతారు అనుకున్న రోజున ఆటగాడు తన చేతి స్పర్శను తాను పట్టించుకోవడం మానేస్తాడు. 2008లో క్వాలిఫయింగ్ పోటీ ఆడిన జే.పీ. హేస్ తన సంచిలో పొరపాటున మిగిలిపోయిన, ఆమోదం లేని నమూనా బంతితో కొన్ని షాట్లు ఆడానని హోటల్ గదిలో గుర్తించాడు. అది అతనికి తప్ప మరెవరికీ తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు. తానే ఫోన్ చేసి చెప్పాడు, బహిష్కరణకు గురయ్యాడు, మరుసటి ఏడాది టూర్ అర్హతకు ఉన్న దారి మూసుకుపోయింది. ఏ నిఘా వ్యవస్థకూ ఆ ఫోన్ కాల్ చేయించే శక్తి లేదు.

అందుకే స్కోర్‌కార్డు విషయంలో నాది రెండు వైపులా నచ్చని అభిప్రాయం. 1968 మాస్టర్స్‌లో రొబెర్టో డి విచెంజో పదిహేడో హోల్‌లో 3 కొడితే, కార్డు రాసిన టామీ ఆరన్ 4 అని వేశాడు. డి విచెంజో చూసుకోకుండా సంతకం చేశాడు, 65 కాస్తా 66 అయింది, ఒక్క స్ట్రోక్ తేడాతో బాబ్ గోల్బీకి టైటిల్ దక్కింది. లక్షలమంది ఆ 3ను టీవీలో చూశారు. 2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని రివియెరా కోర్సులో జోర్డాన్ స్పీత్ నాలుగో హోల్‌లో 4 కొట్టి, 3 అని ఉన్న కార్డు మీద సంతకం చేసి బహిష్కరణకు గురయ్యాడు. లేజర్ లెక్కల్లో 4 అనే ఉంది, తెర మీద 4 అనే ఉంది, ప్రపంచమంతటికీ 4 అనే తెలుసు. దాచడానికి ఏమీ లేని చోట అది దాపరికం కాదు, పరధ్యానం. నా చేతిలో ఉంటే ఎలక్ట్రానిక్ లెక్క ఉన్న టోర్నీల్లో ఇలాంటి పొరపాటుకు రెండు స్ట్రోకులు వేసి ఆడనిస్తాను. సంతకాన్ని మాత్రం తీసేయను, ఎందుకంటే ఇది నేను ఆడిన ఆట అని ఆటగాడు తన పేరు పెట్టి చెప్పే చోటు అదొక్కటే. ఇక లేజర్లూ కెమెరాలూ లేని మామూలు క్లబ్ పోటీల్లో, చివరి రెండు గ్రీన్ల మీద చేతులు వణికే పెద్దమనుషులు ఆడే పోటీల్లో, పాత బహిష్కరణ నియమాన్ని అక్షరం కూడా మార్చకుండా ఉంచుతాను.